రాత్రి తినకపోయినా పొద్దున షుగర్ ఎందుకు పెరుగుతుంది?

షుగర్ ఉందని తేలిన మొదటి వారంలో నేనొక రాత్రి భోజనం మానేశాను. భయం అలాంటిది. పడుకునే ముందు వేలు గుచ్చి చూసుకుంటే మీటరులో 138. హమ్మయ్య అనుకున్నాను. పొద్దున లేచి మంచినీళ్లు కూడా ముట్టకుండా మళ్లీ చూస్తే 161. మధ్యలో ఒక్క మెతుకు లోపలికి పోలేదు. మీటరు పాడైందేమోనని ఇంకో స్ట్రిప్ పెట్టాను. 158 వచ్చింది. తింటే పెరుగుతుంది సరే, తినకపోయినా పెరిగితే ఇక నా చేతుల్లో ఏముందని మంచం మీదే కూలబడిపోయాను.

కొత్తగా షుగర్ వచ్చినవాళ్లు చాలామంది ఈ పొద్దుటి అంకె గురించే అడుగుతారు. దీనికి జవాబు ఉంది. అది తెలిస్తే మిగతా చిక్కుముడి కూడా చాలావరకు విడిపోతుంది. అసలు చిక్కంతా ‘షుగర్’ అనే ఒక్క మాటలోనే ఉంది. ఆ ఒక్క మాటతో మనం మూడు వేర్వేరు సంగతుల్ని పిలుస్తున్నాం. పరగడుపున కనిపించే అంకె చాలావరకు కాలేయం చేసిన పని. భోజనం తర్వాత కనిపించేది, కంచంలో ఏముంది, కండరాలు దాన్ని ఎంతవరకు అందుకున్నాయి అన్నదాన్ని బట్టి ఉంటుంది. మూడు నెలల షుగర్ అని మనం పిలిచే హెచ్‌బీఏ1సీలో ఈ రెండూ కలిసిపోయి సగటుగా కనిపిస్తాయి. ఒకదానికి పనికొచ్చే ఉపాయం ఇంకోదానికి పనికిరాకపోవచ్చు. రాత్రి తిండి మానేసి పొద్దుటి అంకెను దించాలనుకోవడం అలాంటి పొరపాటే.

ముందు ఒక చిన్న లెక్క చూద్దాం. పెద్దవాళ్ల ఒంట్లో దాదాపు 5 లీటర్ల రక్తం ఉంటుంది. మీటరులో 100 అంటే ఒక్కో డెసిలీటరు రక్తంలో 100 మిల్లీగ్రాముల గ్లూకోజ్ ఉందని అర్థం. 5 లీటర్లకు లెక్క కడితే మొత్తం 5 గ్రాములు. ఒక చిన్న చెంచాడు పంచదార, అంతే. 200 అంటే రెండు చెంచాలు. ఒక మామూలు భోజనంలో ఉండే పిండిపదార్థాలు అరిగాక 60, 70 గ్రాముల గ్లూకోజ్ తేలిగ్గా తయారవుతుంది. అంటే రక్తంలో అప్పటికి ఉన్నదానికి పది రెట్లకు పైగా ఒక్క పూటలో వచ్చి పడుతుంది. ఆరోగ్యంగా ఉన్న ఒళ్లు ఇంత వరదను కూడా రెండు గంటలు తిరిగేసరికి 140 లోపే నిలబెడుతుంది. మనలో దెబ్బతిన్నది ఈ అదుపే. ఇది తెలిశాక నా మీద నాకున్న కోపం చాలా తగ్గింది. ఇంత సున్నితమైన తూకం ఎక్కడో తప్పిందంటే, దానికి కారణం నేను తిన్న ఒక్క ముక్క తీపి అయ్యుండదు.

ఇప్పుడు కాలేయం సంగతి. మనం నిద్రపోతున్నా మెదడు పని ఆపదు. దానికి రోజుకు దాదాపు 120 గ్రాముల గ్లూకోజ్ కావాలి. తిండి లేని వేళల్లో దాన్ని అందించే బాధ్యత కాలేయానిది. అది తనలో 100 గ్రాముల వరకు గ్లూకోజ్‌ను గ్లైకోజెన్ రూపంలో దాచుకుని కొంచెం కొంచెంగా రక్తంలోకి వదులుతుంది. చాలకపోతే ప్రొటీన్ల ముక్కల నుంచి, కొవ్వు నుంచి వచ్చే గ్లిజరాల్ నుంచి కొత్తగా తయారు చేస్తుంది కూడా. ‘ఇక చాలు, ఆపు’ అని దానికి చెప్పేది ఇన్సులిన్. పెద్దవాళ్లలో ఎక్కువగా కనిపించే టైప్ 2 మధుమేహంలో కాలేయానికి ఆ మాట సరిగ్గా వినపడదు. రక్తంలో కావలసినంత ఉన్నా ఇంకా వదులుతూనే ఉంటుంది. దానికి తోడు తెల్లవారుజామున మనల్ని నిద్ర లేపడానికి కార్టిజాల్, గ్రోత్ హార్మోన్ లాంటివి పెరుగుతాయి. ఇవి ఇన్సులిన్‌కు ఎదురు పనిచేస్తాయి. షుగర్ లేనివాళ్లలోనూ ఇదంతా జరుగుతుంది కానీ, వాళ్ల క్లోమం వెంటనే కాస్త ఎక్కువ ఇన్సులిన్ వదిలి సర్దేస్తుంది. మనకు ఆ సర్దుబాటు జరగదు. నా 161 అలా వచ్చింది. తిండి నోట్లోంచి రాకపోతే కాలేయంలోంచి వచ్చింది.

అందుకే పొద్దుటి అంకె మొండిది. ఒక్క రాత్రి చేసిన త్యాగానికి లొంగదు. కాలేయంలో పేరుకున్న కొవ్వు తగ్గాలి, నిద్ర సరిగ్గా పట్టాలి, మందు కుదురుకోవాలి. వీటికి వారాలు, ఒక్కోసారి నెలలు పడుతుంది. కొత్తగా షుగర్ తేలినవాళ్లకు సాధారణంగా మొదట రాసే మెట్‌ఫార్మిన్ ముఖ్యంగా ఈ కాలేయం మీదే పనిచేస్తుంది. మొదటి రోజుల్లో కడుపులో తిప్పడం, విరేచనాలు మామూలే. భోజనంతో పాటు వేసుకుంటూ, డాక్టరు చెప్పినట్టు చిన్న మోతాదుతో మొదలుపెట్టి పెంచుకుంటూ పోతే చాలామందికి సర్దుకుంటుంది. ఏళ్ల తరబడి వాడేవాళ్లలో విటమిన్ బి12 తగ్గే అవకాశం ఉంది కాబట్టి అప్పుడప్పుడు ఆ పరీక్ష చేయించుకోవాలి.

భోజనం తర్వాతి షుగర్ అలా కాదు. అది చెప్తే వింటుంది, ఆ రోజే వింటుంది. కొత్తవాళ్లు ముందు దీని మీద దృష్టి పెట్టాలని నేను గట్టిగా చెప్తాను. ఇక్కడ చేసిన పనికి రెండు గంటల్లో ఫలితం కనిపిస్తుంది, ఆ ఫలితం చూస్తే ధైర్యం వస్తుంది.

చేయాల్సింది ఇది. తినబోయే ముందు ఒకసారి, మొదటి ముద్ద పెట్టుకున్న రెండు గంటలకు ఇంకోసారి చూసుకోండి. గంటలు లెక్కపెట్టేది తినడం మొదలైనప్పటి నుంచి, చేయి కడుక్కున్నప్పటి నుంచి కాదు. ఈ రెండు అంకెలూ జంటగా ఉంటేనే వాటికి అర్థం. తిన్నాక 190 వచ్చిందని ఎవరైనా చెప్తే నేను అడిగే మొదటి ప్రశ్న ‘తినకముందు ఎంత?’ అన్నదే. 110 నుంచి 190కి పెరిగితే కంచంలో సమస్య ఉంది. 165 నుంచి 190కి వస్తే ఆ భోజనం చేసిన తప్పేమీ లేదు, బయల్దేరిన చోటే ఎత్తులో ఉంది.

నేను ఒకే భోజనాన్ని, అంతే కొలతతో, మూడు రోజులు తిని చూశాను. మొదటి రోజు ఎప్పటిలా తిని కుర్చీలో కూర్చున్నాను. రెండో రోజు ముందు కూరగాయలు, పప్పు తినేసి అన్నం చివర్లో తిన్నాను. మూడో రోజు తిన్న వెంటనే పావుగంట నడిచాను. రెండో రోజు అంకె మొదటి రోజుకన్నా తగ్గింది, మూడో రోజు ఇంకా తగ్గింది. అందరికీ ఇదే వరసలో వస్తుందని కాదు, కానీ ఈ రెండూ పనిచేయడానికి కారణాలున్నాయి. పీచు, ప్రొటీన్ ముందు లోపలికి వెళ్తే కడుపు నెమ్మదిగా ఖాళీ అవుతుంది, దాంతో గ్లూకోజ్ ఒక్కసారిగా కాకుండా కాస్త కాస్తగా రక్తంలో కలుస్తుంది. నడక విషయం ఇంకా బాగుంటుంది. మామూలుగా కండరం గ్లూకోజ్‌ను లోపలికి తీసుకోవాలంటే ఇన్సులిన్ వచ్చి తలుపు తట్టాలి. కానీ కదులుతున్న కండరం ఇన్సులిన్ చెప్పకపోయినా తనంతట తానే తలుపు తీస్తుంది. ఇన్సులిన్ మాట సరిగ్గా వినపడని ఒంట్లో కూడా ఈ దారి బాగానే పనిచేస్తుంది. పొద్దున గంటసేపు నడిచే అలవాటు మంచిదే, మానొద్దు. దాంతోపాటు ప్రతి భోజనం తర్వాత పది పదిహేను నిమిషాలు కాళ్లు కదిపి చూడండి.

ఏం తినాలన్నదాని మీద సలహాలకు కొదవ లేదు. నిషేధాల చిట్టా పట్టుకుని బతకడం కష్టం, చాలామంది మూడో నెలకే వదిలేస్తారు. నా దృష్టిలో మొదట తేల్చుకోవాల్సింది కొలత. తీపిగా లేదు కాబట్టి పెరగదని అనుకోవడం, ముడి ధాన్యం కాబట్టి ఎంతైనా తినొచ్చని అనుకోవడం రెండూ దెబ్బతీస్తాయి. ముడి ధాన్యంలో పీచు ఎక్కువ, అరగడం నెమ్మది, అది నిజమే. అయినా అందులోనూ ఎక్కువ భాగం పిండిపదార్థమే. రెట్టింపు తింటే లాభం అక్కడికక్కడే పోతుంది. పండ్లు పండ్లుగా తింటే చాలామందికి ఇబ్బంది ఉండదు, రసం తీస్తే పీచు పోయి షుగర్ పరుగు మొదలవుతుంది. కంచంలో సగం కూరగాయలు, పావు వంతు ప్రొటీన్ ఉన్నవి, మిగిలిన పావు అన్నం లేదా రొట్టె. ఈ పాత సూత్రం చెప్పడానికి సాదాగా ఉన్నా నిజంగా పనిచేస్తుంది.

మీటరు గురించి ఒక మాట. ఒకసారి నారింజ ఒలిచి, చేయి కడుక్కోకుండా వేలు గుచ్చుకున్నాను. 240 దాటి చూపించింది. గుండె ఆగినంత పనైంది. సబ్బుతో కడుక్కుని బాగా తుడుచుకుని చూస్తే 130లలోనే ఉంది. వేలికి అంటుకున్న ఆ కాస్త రసం చాలు, ఎందుకంటే మీటరు చూసేది ఆవగింజంత చుక్కనే. ఇంకో సంగతి, ఇంట్లో వాడే మీటర్ల కోసం 2013లో వచ్చిన అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం, 100, ఆపై అంకెల్లో 95 శాతం రీడింగులు ల్యాబ్ విలువకు 15 శాతం అటూ ఇటూ ఉంటే చాలు. అంటే ల్యాబులో 150 ఉన్న రక్తానికి మీటరు 128 చూపినా, 172 చూపినా ఆ లెక్కలో సరైనట్టే. నా 161, 158 రెండూ నిజానికి ఒకటే అంకె. నాలుగైదు పాయింట్ల తేడాకు పొంగిపోవడం, కుంగిపోవడం వృథా టెన్షన్. వారం రోజుల అంకెలు పక్కపక్కన పెట్టి ఎటు పోతున్నాయో చూడాలి. గుచ్చేటప్పుడు వేలి కొన మధ్యలో కాకుండా పక్కన గుచ్చితే నొప్పి తక్కువ. స్ట్రిప్‌ల డబ్బా మూత ఎప్పుడూ బిగించి ఉంచాలి, తేమ తగిలితే అవి పాడవుతాయి.

ఇక హెచ్‌బీఏ1సీ. ఎర్ర రక్తకణాల్లోని హిమోగ్లోబిన్‌కు గ్లూకోజ్ అతుక్కుంటుంది, కణం బతికినన్నాళ్లూ వదలదు. కణం ఆయుష్షు దాదాపు 120 రోజులు. అందుకే ఈ పరీక్షలో రెండు మూడు నెలల చరిత్ర కనిపిస్తుంది. అయితే ఇందులో చివరి నెల వాటాయే దాదాపు సగం. 7 శాతం వస్తే సగటు షుగర్ 154 చుట్టూ ఉన్నట్టు. 6.5, ఆపైన ఉంటే మధుమేహం అంటారు, లక్షణాలు లేనప్పుడు ఇంకో పరీక్షతో నిర్ధారించుకుంటారు. సగటులో ఉన్న ఇబ్బంది ఇక్కడా ఉంది. రోజంతా 150 దగ్గర కుదురుగా ఉండేవాళ్లకూ, 60కి పడిపోయి 260కి ఎగిరేవాళ్లకూ ఒకే 7 రావచ్చు. రక్తహీనత ఉన్నా, ఈమధ్య రక్తం ఎక్కించుకున్నా, గర్భిణి అయినా, పుట్టుకతో హిమోగ్లోబిన్‌లో తేడా ఉన్నా ఈ అంకె తప్పుదారి పట్టిస్తుంది. ఐరన్ లోపం ఉన్నప్పుడు ఉన్నదానికన్నా ఎక్కువ చూపొచ్చు. ఇంట్లో మీటరు ఒకటి చెప్తూ, ల్యాబు రిపోర్టు ఇంకోటి చెప్తుంటే ఈ సంగతి డాక్టరును తప్పక అడగండి.

మరి ఎంత ఉంచుకోవాలి? గర్భంతో లేని పెద్దవాళ్లలో చాలామందికి చెప్పే లక్ష్యం భోజనానికి ముందు 80 నుంచి 130, భోజనం తర్వాత 180 లోపు, హెచ్‌బీఏ1సీ 7 లోపు. ఎంత తగ్గిస్తే అంత మంచిదని మాత్రం అనుకోవద్దు. అమెరికా, కెనడాల్లో పది వేలమందికి పైగా పాల్గొన్న ఆకార్డ్ అనే అధ్యయనంలో, గుండెజబ్బు ముప్పు ఎక్కువగా ఉన్నవాళ్లకు హెచ్‌బీఏ1సీని 6 లోపుకు దించాలని గట్టిగా మందులు వాడి చూశారు. ఆ గుంపులో మరణాలు ఎక్కువ కావడంతో 2008లో ఆ చికిత్సను మధ్యలోనే ఆపేశారు. వయసు మీద పడినవాళ్లకు, గుండెజబ్బు, కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లకు, షుగర్ తరచూ పడిపోయేవాళ్లకు డాక్టర్లు కాస్త వదులుగా 8 దగ్గర లక్ష్యం పెట్టడం వెనుక ఒక కారణం ఇదే. పక్కింటివాళ్ల లక్ష్యం మీ లక్ష్యం కానక్కర్లేదు.

ఇక కొత్తగా తేలినవాళ్ల గురించి ప్రత్యేకంగా చెప్పాల్సింది ఒకటుంది, నాకు అన్నిటికంటే ముఖ్యమనిపించేది కూడా అదే. బ్రిటన్‌లో 1977లో మొదలుపెట్టి, అప్పుడే టైప్ 2 తేలిన ఐదు వేలకు పైగా మందిని ఎన్నో ఏళ్లు గమనించారు. ఆ అధ్యయనం పేరు యూకేపీడీఎస్. మందులతో హెచ్‌బీఏ1సీని సగటున 7 దగ్గర ఉంచినవాళ్లలో, 7.9 దగ్గర ఉన్నవాళ్లకన్నా కళ్లు, కిడ్నీల లాంటి చిన్న రక్తనాళాల సమస్యలు 25 శాతం తగ్గాయని 1998లో తేలింది. అధ్యయనం ముగిశాక ఏడాదికల్లా రెండు గుంపుల షుగర్ ఒకటైపోయింది. అయినా పదేళ్ల తర్వాత, 2008లో చూస్తే, మొదట్లో బాగా ఉంచుకున్నవాళ్లకు ఆ లాభం ఇంకా మిగిలే ఉంది. గుండెపోట్లు, మరణాలు కూడా తక్కువగా కనిపించాయి. ఒళ్లు తొలి ఏళ్లను గుర్తుపెట్టుకుంటుంది. ‘ఇప్పుడేగా మొదలైంది, తర్వాత చూద్దాం’ అని ఎవరైనా అంటే నాకు మనసు చివుక్కుమనేది అందుకే.

బరువు ఎక్కువగా ఉండి, షుగర్ తేలి ఆరేళ్లు దాటని వాళ్లకు ఇంకో తలుపు కూడా తెరిచి ఉంది. 2017లో వెలువడిన డైరెక్ట్ అధ్యయనంలో, వైద్యుల పర్యవేక్షణలో మూడు నుంచి ఐదు నెలలు రోజుకు దాదాపు 850 కిలోక్యాలరీల ఆహారంతో బరువు తగ్గించారు. ఏడాది తర్వాత 46 శాతం మందికి షుగర్ మందులు లేకుండానే హెచ్‌బీఏ1సీ 6.5 లోపు ఉంది. పదిహేను కిలోలు, అంతకంటే ఎక్కువ తగ్గినవాళ్లలో అది 86 శాతం. దీన్ని రెమిషన్ అంటారు. నయమైపోయిందని కాదు, బరువు తిరిగొస్తే షుగరూ తిరిగొస్తుంది, పరీక్షలు మానకూడదు. మందులు వాడుతూ సొంతంగా ఇంత కఠినమైన ఆహారం మొదలుపెడితే ప్రమాదం. డాక్టరుతో మాట్లాడే చేయాలి.

ఆ ప్రమాదం పేరు షుగర్ డౌన్ కావడం. 70 కన్నా తగ్గితే జాగ్రత్త పడాలి, 54 కన్నా తగ్గితే అది తీవ్రం. చెమటలు, వణుకు, గుండె దడ, ఆకలి, మాట తడబాటు, కారణం లేని చిరాకు దీని గుర్తులు. మెట్‌ఫార్మిన్ ఒక్కటే వాడేవాళ్లకు ఇది అరుదు. ఇన్సులిన్, గ్లిమెపిరైడ్, గ్లిక్లజైడ్ లాంటివి వాడేవాళ్లు భోజనం దాటేస్తే వచ్చే ముప్పు ఎక్కువ. వెంటనే 15 గ్రాముల గ్లూకోజ్, లేదంటే మూడు చెంచాల పంచదార కలిపిన నీళ్లు తీసుకోవాలి. 15 నిమిషాలు ఆగి చూసి, ఇంకా 70 లోపే ఉంటే మళ్లీ తీసుకోవాలి. చాక్లెట్ అక్కరకు రాదు, అందులోని కొవ్వు వల్ల ఆలస్యమవుతుంది. పిండిపదార్థాల అరుగుదలను నెమ్మదింపజేసే అకార్బోజ్, వోగ్లిబోజ్ మాత్రలు వాడేవాళ్లకు పంచదార కూడా వెంటనే అందదు, గ్లూకోజే దగ్గర పెట్టుకోవాలి. మనిషి స్పృహలో లేకపోతే నోట్లో ఏమీ పోయకుండా ఆసుపత్రికి తీసుకెళ్లాలి. ఇంకో రకం కూడా ఉంది. చాలాకాలం 300 దగ్గర ఉన్నవాళ్లకు చికిత్స మొదలయ్యాక 110కే వణుకు రావచ్చు, ఒళ్లు ఆ ఎత్తుకు అలవాటు పడిపోయి ఉంటుంది. అందుకే వణుకు రాగానే తీపి మింగేయకుండా, వీలుంటే ముందు మీటరు చూడాలి.

మొదటి వారాల్లో చూపు మసకబారి చాలామంది హడలిపోతారు. షుగర్ వేగంగా తగ్గినప్పుడు కంటి కటకంలో నీటి శాతం మారి, దాని ఆకారం కొద్దిగా మారుతుంది. సాధారణంగా కొన్ని వారాల్లో సర్దుకుంటుంది, అప్పటిదాకా కొత్త కళ్లజోడు చేయించుకోకపోవడమే మంచిది. కంటిలో చుక్కమందు వేసి రెటీనా, అంటే కంటి వెనుక పొర, చూసే పరీక్ష మాత్రం వాయిదా వేయొద్దు. టైప్ 2 తేలేనాటికి అది ఒంట్లో చేరి ఏళ్లయి ఉండొచ్చు. కిడ్నీల సంగతి చెప్పే మూత్రంలోని అల్బుమిన్, రక్తంలోని క్రియాటినిన్, వాటితో పాటు పాదాల స్పర్శ, బీపీ, కొలెస్ట్రాల్ కూడా అప్పుడే చూపించుకుని, ఆపై ఏటా చూపించుకోవాలి. సన్నగా ఉన్నవాళ్లు, ఉన్నట్టుండి బరువు తగ్గిపోతున్నవాళ్లు తమది నిజంగా టైప్ 2 యేనా అని అడగాలి. ఒళ్లు ఇన్సులిన్‌ను దాదాపుగా తయారు చేయలేని టైప్ 1 పెద్ద వయసులో కూడా మొదలవుతుంది, దానికి ఇన్సులిన్ తప్పదు.

జ్వరం వచ్చి ఏమీ తినలేకపోయిన రోజు కూడా షుగర్ పెరుగుతుంది. ఇప్పుడు కారణం మీరే చెప్పగలరు. జబ్బు ఒత్తిడికి విడుదలైన హార్మోన్లు కాలేయాన్ని తొందరపెడతాయి. తినలేదు కదా అని ఇన్సులిన్ సొంతంగా ఆపేయకూడదు, అలాగని కొన్ని మాత్రలు ఆ రోజుల్లో ఆపాల్సి ఉంటుంది. మూత్రంలో గ్లూకోజ్‌ను పంపేసే ఎస్‌జీఎల్‌టీ2 రకం మందులు అలాంటివే. ఏది ఆపాలి, ఏది ఆపకూడదు అన్నది ఒళ్లు బాగున్నప్పుడే డాక్టరును అడిగి రాసిపెట్టుకోండి.

నా పుస్తకంలో ఇప్పుడు నాలుగు గడులున్నాయి. పరగడుపున, తినకముందు, తిన్న రెండు గంటలకు, చివరిది ‘ఏం జరిగింది’. ఆ నాలుగో గడిలో నిద్ర పట్టలేదు, జలుబు, పెళ్లి భోజనం, నడవలేదు అని రెండు మూడు మాటలు రాస్తాను. మొన్న డాక్టరు ముందు మూడు గడుల మీద చూపు పరిగెత్తించి, నాలుగో దాని దగ్గర ఆగి, ‘రాత్రి ఎన్నింటికి పడుకుంటున్నారు?’ అని అడిగారు.